లింగమ్మ నన్ను నువ్వు అంది

జూన్ 2, సోమవారం

ఈ డైరీ మా ఆయన పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ వాళ్లు జనవరిలో ఇచ్చింది. ఐదు నెలల కాగితాలు ఖాళీగానే పోయాయి. ఇవాళ్టి నుంచి నాది. ఎవరితోనూ చెప్పుకోలేనివి ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. లేకపోతే ఇంట్లో గిన్నెల మీద పడతాను.

కిచెన్ ఇన్‌చార్జిగా మొదటి రోజు. సరూర్‌నగర్ చెరువు వెనక గల్లీలో రేకుల షెడ్డు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరు లేడీస్ హాస్టళ్లకు టిఫిన్లూ భోజనాలూ ఇక్కడి నుంచే వెళ్తాయి. ఆరు కాదు, ఇప్పుడు ఐదు. ఏప్రిల్‌లో పాడైన సాంబారు వెళ్లిందని వెంకాయమ్మ గారి హాస్టల్ మానేసింది. ఆ సాంబారు సంగతి వంటింట్లో ఎవరికీ తెలియదట. ఓనర్ దశరథ గారు మాత్రం, అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు అంటారు. పాత ఇన్‌చార్జిని పంపించేసి నన్ను పెట్టుకున్నారు.

"జులై ఆఖరు దాక చూస్త మేడమ్. ఇంకొక్కసారి గట్లయితె షెడ్డు మూసేస్త. కూడు బయట నుంచి తెప్పిస్త" అన్నారు.

మూస్తే నాతో కలిపి పన్నెండు మంది ఇంటికి. పదిహేనేళ్లు కాలేజీ క్యాంటీన్ నడిపిన దాన్ని, అది మూతపడి ఏడాది ఇంట్లో కూర్చున్న దాన్ని. మళ్లీ కూర్చోలేను. 

అయినా వంట నన్ను భయపెట్టదు. నాకు ఒళ్లు మండించింది వేరే. లోపల అడుగు పెట్టగానే పెద్ద వంటామె లింగమ్మ, అరవైకి దగ్గరగా ఉంటుంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూసి, "నువ్వేనా కొత్త మేడమ్‌వి? ఛాయ్ తాగుతవా?" అంది.

నువ్వు! మా అమ్మా, మా అత్తగారూ, ఈయనా తప్ప నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. పొయ్యిల దగ్గర ఉండే సుందరయ్య అయితే "జర జరుగు మేడమ్, గంజి మీద పడ్తది" అన్నాడు. జరుగు! తెనాలిలో మా వీధి కుక్కను కూడా ఇంతకంటే మర్యాదగా అదిలిస్తాం.

టీ వద్దన్నాను.

జూన్ 3

మీటింగ్ పెట్టాను. పదకొండు మందీ వరసగా నిలబడ్డారు. గౌరవం లేని చోట నమ్మకం ఉండదు, నమ్మకం లేని చోట పని జరగదు అని పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడాననే అనుకుంటున్నాను. గోడ మీద తెల్ల బోర్డులో పెద్ద అక్షరాలతో రాశాను: "ఇక్కడ అందరూ అందరినీ మీరు అనాలి."

స్టోరు చూసే సాధన చదివి అందరికీ వినిపించింది. వ్యాను నడిపే ప్రేమ్ కుమార్ దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు. లింగమ్మ మాత్రం "సరే మేడమ్" అంది. అంతే.

జూన్ 5

అందరూ మీరు అంటున్నారు. సాధించాను.

లింగమ్మ సాసరులో పెట్టి టీ తెచ్చింది, "తీసుకోండి మేడమ్" అంటూ. పాకంలా ఉంది, నోరంతా అతుక్కుపోయింది. గౌరవంగా ఇచ్చిన టీ కదా అని ఏమీ అనకుండా తాగేశాను.

జూన్ 9, సోమవారం

మొదటి రోజు ఈ షెడ్డు సంతలా ఉండేది. పాటలు, కేకలు, ఒకరి మీద ఒకరు జోకులు. ఇప్పుడు గరిటె కింద పెట్టినా వినిపిస్తుంది. క్రమశిక్షణ అంటే ఇదీ.

ఇవాళ పప్పులో ఉప్పు ఎక్కువైందని ఒక హాస్టల్ నుంచి ఫోన్. ఎవరు వేశారని అడిగాను.

"మాకేం తెల్వదు మేడమ్. మీరు చెప్పినట్టె చేసినం" అంది లింగమ్మ.

సుందరయ్యను అడిగాను. "మాకేం తెల్వదు మేడమ్. మీరు చెప్పినట్టె చేసినం."

సాధనా అదే మాట. అక్షరం పొల్లు పోలేదు.

జూన్ 12

కొత్త పద్ధతి పెట్టాను. ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొని స్టోరు తలుపు పక్కన మేకుకు వేలాడదీశాను. పని పాడైతే, పాడవబోతే, ఎవరైనా అందులో రాయవచ్చు. ఎవర్నీ ఏమీ అనను. ముందే తెలిస్తే ముందే సరిదిద్దుకోవచ్చు. కాలేజీలో ఇలాంటిది లేకనే ఎన్ని ఇబ్బందులు పడ్డామో!

ఈయనకు చెబితే, "ముందు నువ్వు రాస్తావా అందులో?" అన్నారు పేపర్ దించకుండా.

నేను తప్పు చేస్తే కదా.

జూన్ 20, శుక్రవారం

ఎనిమిది రోజులు. ఎర్ర పుస్తకంలో ఒక్క గీత కూడా లేదు. అంటే ఒక్క తప్పూ జరగలేదన్నమాట. దశరథ గారికి ఫోన్ చేసి చెప్పాను. సంతోషించారు.

జూన్ 21

షెడ్డు వెనక గ్యాస్ సిలిండర్ల అవతల, కూరగాయ తొక్కల కింద, అడుగంటిన పప్పు. పెద్ద గుండిగెడు. నల్లగా, ఇంకా వెచ్చగా ఉంది. మాడ్చేశారు, దాచేశారు, నాకు తెలియకుండా స్టోరులోంచి కందిపప్పు తీసి మళ్లీ వండేశారు. నేను లోపలే ఉన్నాను! పది అడుగుల దూరంలో కూర్చుని మెనూ రాసుకుంటున్నాను!

అరిచాను. బాగా అరిచాను. దొంగలు అన్నట్టు కూడా గుర్తు. అందరూ నేల చూశారు. ప్రేమ్ కుమార్ మాత్రం సుందరయ్య వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు. వ్యానులో సరుకు బయటికి పోతోందేమో.

స్టోరుకు తాళం వేశాను. తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. నేను వచ్చి తీస్తేనే సరుకు. తాళం సంగతి నన్నెవరూ అడగొద్దని కూడా చెప్పాను. ఇది అనుమానం కాదు, జాగ్రత్త.

జూన్ 24, మంగళవారం

నిన్న బ్యాగు మార్చాను. తాళం చెవి పాత బ్యాగులో ఉండిపోయింది.

నేను మామూలుగా ఐదున్నరకు వెళ్తాను, వాళ్లు నాలుగున్నరకు వస్తారు. ఇవాళ వెళ్లేసరికి పదకొండు మందీ షెడ్డు మెట్ల మీద వరసగా కూర్చున్నారు. రోజూ నేను సాయంత్రం ఇంటికెళ్లే ముందు పొద్దుటి సరుకు బయట పెట్టి వెళ్లాలి. నిన్న అదీ మరిచాను. పొయ్యి వెలగలేదు. గంటసేపు అలాగే కూర్చున్నారట.

"ఫోన్ చెయ్యొచ్చు కదా!" అన్నాను.

"తాళం సంగతి అడగొద్దని మీరే చెప్పిండ్రు గద మేడమ్" అంది లింగమ్మ.

బ్యాగు వెతికితే లేదు. స్కూటీ తిప్పుకుని మన్సూరాబాద్‌కు పరుగు. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సుల మధ్య ఇరుక్కుని తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. ఐదు హాస్టళ్లకూ టిఫిన్ గంటన్నర ఆలస్యం. క్లాసులున్న పిల్లలు తినకుండానే వెళ్లిపోయారు.

దశరథ గారు ఫోన్ చేశారు. ఏమైందన్నారు. 

కొంచెం సర్ది చెప్పాను.

జూన్ 24, మధ్యాహ్నం

సర్ది చెప్పడం కాదు. రాసేటప్పుడు కూడా అబద్ధమేనా? "వర్కర్లు లేటుగా వచ్చారు సార్" అన్నాను. ఆ మాటలే అన్నాను. సాధన పక్కనే బెండకాయలు తుడుస్తూ ఉంది. విన్నది. 

పదకొండింటికి ఆయనే వచ్చారు. అందరి ముందూ లింగమ్మను నిలబెట్టి కడిగేశారు. వయసొచ్చింది గాని బుద్ధి రాలేదన్నారు. ఇంట్లో కూర్చోమన్నారు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. నా వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. చూడలేదు. "ఇగ లేటు కాదు సార్" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

జూన్ 25

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. ఆమె నన్నొక మాట అని ఉంటే బాగుండేది.

జూన్ 27, శుక్రవారం

నిన్న తొందరగా వెళ్లాను. నాలుగుకే. వాళ్లు రాకముందే తాళం తీసి ఉంచుదామని. వెళ్లేసరికి లింగమ్మ ఒక్కతే ఉంది. నేను వచ్చింది చూడలేదు. వెలిగించని పొయ్యి ముందు నిలబడి, కొంగు తల మీద కప్పుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నల్గొండ దగ్గర ఏదో పల్లె వాళ్లది. ఆదివారం చర్చికి వెళ్లడానికి రెండు గంటలు అడిగి తీసుకుంటుంది, అంతవరకే నాకు తెలుసు.

"ప్రభువా, ఇయ్యాల గూడ నువ్వే చూస్కో. ఐదు వందల మంది ఆడపిల్లలు తింటరు. నా చెయ్యి తప్పితె నువ్వు పట్టుకో. గా మేడమ్‌కు గూడ జర నిమ్మళం ఇయ్యి తండ్రీ. మస్తు పరేషాన్ల ఉన్నది బిడ్డ."

గుమ్మంలోంచి వెనక్కి వచ్చి స్కూటీ మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకోవడానికి హెల్మెట్ గుడ్డ తప్ప ఏమీ దొరకలేదు.

రోజంతా ఒకటే ఆలోచన. ఈమె దేవుణ్ణి నువ్వు అంటుంది. దశరథ గారిని మీరు అంటుంది. పాత ఇన్‌చార్జిని కూడా మీరు అనే పిలిచేదని సాధన చెప్పింది. మరి నేను? పొద్దున్నే దీపం పెట్టి వెంకన్నను "నువ్వే దిక్కు" అంటాను గానీ "మీరే దిక్కండీ" అంటానా? మా అమ్మను ఏనాడైనా మీరు అన్నానా? 

మొదటి రోజు ఆమె నాకు ఇచ్చినదాన్ని నేను బోర్డు మీద రాసి మరీ వెనక్కి ఇచ్చేశాను.

ఈయనకు చెప్పాను. "లెక్క తప్పితే చివరి మెట్టు దిద్దకూడదు, తప్పిన మెట్టు దగ్గరికి వెళ్లాలి" అన్నారు. లెక్కల మాస్టారుతో కాపురం ఇలాగే ఉంటుంది. కానీ నిజమే అన్నారు.

జూన్ 28, శనివారం

చేశాను.

టిఫిన్ వ్యాన్లు వెళ్లిపోయాక అందర్నీ ఆపి ఎర్ర పుస్తకం తీసి మొదటి పేజీలో రాశాను. రాసింది పైకి చదివాను. "జూన్ 24. తాళం చెవి ఇంట్లో మరిచింది నేను. సరుకు బయట పెట్టడం మరిచింది నేను. వర్కర్లు లేటుగా వచ్చారని సార్‌తో అబద్ధం చెప్పింది నేను. నాగేశ్వరి."

తర్వాత ఫోన్ స్పీకర్‌లో పెట్టి దశరథ గారికి చేశాను. అదే చెప్పాను.

"మరి గా ముసలామెను నేను అన్ని మాటలంటుంటె మీరు నిలవడి చూసిండ్రా?"

"చూశాను సార్."

"మీరు గూడ గంతేనన్నమాట" అని పెట్టేశారు. 

తాళం చెవి తీసుకెళ్లి ఎర్ర పుస్తకం పక్క మేకుకు తగిలించాను. బోర్డు మీద మీరు అనాలన్న రూలు తుడిచేశాను. లింగమ్మ దగ్గరికి వెళ్లి, తప్పైపోయింది, క్షమించమన్నాను. ఆ రోజు సార్ ముందు నిజం ఎందుకు చెప్పలేదని కూడా అడిగాను.

"నమ్మెటోళ్లుంటె చెప్తం మేడమ్" అంది.

ఇప్పుడేదో జరుగుతుంది, ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుంటారు అని ఎదురుచూశాను. సుందరయ్య గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, పొయ్యి మీద నీళ్లు మసులుతున్నయి. బియ్యం పొయ్యమంటరా?"

పొయ్యమన్నాను.

జులై 2

పుస్తకంలో నా పేజీ ఒక్కటే.

జులై 4, శుక్రవారం

రెండో పేజీ! సాధన చేతిరాత. కింద పసుపు అంటిన వేలిముద్ర.

"ఏప్రిల్ సాంబార్ నా వల్ల ఖరాబైంది. నురగ వచ్చింది నాకు కనవడలే. మొన్న పప్పు మాడింది గూడ నా వల్లనే. కండ్లు సరిగ్గ కనవడ్తలేవు. సుందరయ్య."

స్టోరులోకి పిలిచి కూర్చోబెట్టాను. రెండు కళ్లకూ శుక్లాలట. ఏడాదిగా దాచుకున్నాడు. అతను దాచుకోవడమే కాదు, పదిమందీ కలిసి దాచారు. అతను మాడిస్తే లింగమ్మ మళ్లీ వండేది, ప్రేమ్ కుమార్ తొక్కల కింద కప్పేవాడు. ఏప్రిల్‌లో మాత్రం వ్యాను వెళ్లిపోయాక తెలిసింది. 

"అప్పుడైనా చెప్పాల్సింది కదా సుందరయ్య గారూ?"

"తిరుపతమ్మ అని ఈడ్నే పని చేస్తుండె, నిజం చెప్పింది మేడమ్. కూరల ఉప్పు ఎక్కువేసిన అని ఆమెనే పోయి పాత సార్‌కు చెప్పింది. పొద్దుగూకె వరకు పని పోయింది. ఇగ ఎవరు చెప్తరు?"

ఈ వంటింట్లో నమ్మకం లేదని నేను ఉపన్యాసం ఇచ్చాను. ఎంత తెలివితక్కువదాన్ని! బండెడు నమ్మకం ఉంది. నన్ను బయట పెట్టి తలుపేసుకుంది, అంతే.

జులై 5

సుందరయ్యను పొయ్యి దగ్గర్నుంచి తీసి బియ్యం, పప్పులు చూసే పనికి మార్చాను. గింజను వేళ్ల మధ్య నలిపి పాతదో కొత్తదో, ఎన్ని నీళ్లు పడతాయో చెప్పేస్తాడు. దానికి కళ్లతో పని లేదు. సర్కారు దవాఖానకు ప్రేమ్ కుమార్ తీసుకెళ్తాడు. ఆగస్టులో ఆపరేషన్.

ఏప్రిల్ సాంబారు ఎందుకు పాడైందో తెలిసిందనీ, మళ్లీ జరగకుండా చేశాననీ దశరథ గారికి చెప్పాను. ఎవడు చేసిండో పేరు చెప్పమన్నారు.

"నా పేరు రాసుకోండి సార్. ఇన్‌చార్జిని నేనే కదా."

"ఏప్రిల్ల మీరు లేరు గద!"

"ఇప్పుడున్నాను సార్."

కోప్పడతారనుకున్నాను. "మొండి మనిషి" అని మాత్రం అన్నారు.

జులై 12, శనివారం

ఎర్ర పుస్తకంలో పదకొండు పేజీలు! మూత సరిగా పడని క్యాన్, వేడెక్కుతున్న గ్రైండర్, ప్రేమ్ కుమార్ చైతన్యపురి మలుపులో స్పీడుగా తిప్పి ఒలికించిన రసం. లింగమ్మ చెబితే సాధన రాసింది ఒకటి: "మేడమ్ మెనూల వారానికి మూడుసార్లు ఆనపకాయ పెడ్తున్నది. పిల్లలు తినక పారేస్తున్నరు." చదివి నవ్వాను. వాళ్లు దాన్ని సొరకాయ అంటారు. నాకోసం నా మాటే రాయించింది.

పాటలు మళ్లీ మొదలయ్యాయి. ప్రేమ్ కుమార్ గొంతు అసలు బాగుండదు, అయినా పాడతాడు.

కానీ నన్ను ఇంకా మీరే అంటున్నారు. బోర్డు మీద తుడిచినా వాళ్ల నోట్లోంచి పోవడం లేదు. నాలుగు రోజుల్లో పెట్టిన గోడ నలభై రోజులైనా కూలదు. అడిగి అనిపించుకునే మాట కాదు కదా అది.

జులై 22

దశరథ గారు వెంకాయమ్మ గారిని ఒప్పించారట. వచ్చే ఆదివారం పెద్ద ఉద్యోగ పరీక్ష. ఆ రోజు టిఫిన్ ఒక్కటి మన దగ్గర తీసుకుంటుంది. బాగుంటే ఆగస్టు నుంచి మళ్లీ వస్తుంది. తేడా వస్తే ఆవిడ ఇంకెప్పుడూ రాదు, షెడ్డూ ఉండదు.

ఆవిడే నాకు ఫోన్ చేసింది. గుంటూరు యాస వినగానే ప్రాణం లేచొచ్చింది. "చూడమ్మా, నా పిల్లలు రెండేళ్లుగా చదువుతున్నారు. ఆ రోజు కడుపు చెడిందంటే ఆ పాపం ఎవరిదండీ?" అంది.

ఆరు హాస్టళ్లు. ఆరుకల్లా వ్యాన్లు కదలాలి. ఇడ్లీ, కొబ్బరి చట్నీ.

జులై 26, శనివారం

వానలో తడిసి రెండు రోజులుగా జలుబు. ముక్కు దిబ్బడ. ఎవరికీ చెప్పలేదు. రేపు నేను లేకపోతే ఎలా?

జులై 27, ఆదివారం

మధ్యాహ్నం రెండైంది. బియ్యం బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున నాలుగుకే అందరం ఉన్నాం. లింగమ్మ చర్చికి రెండో ప్రార్థనకు వెళ్తానంది. ఐదింటికి దశరథ గారు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇడ్లీలు దూదిలా వచ్చాయి. చట్నీ రుచి చూడటం నా పని. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. ఉప్పు తెలిసింది, అంతే. వేరే ఎవరినైనా చూడమని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఓనర్ ఎదురుగా కూర్చున్నారు, ఇన్‌చార్జికి రుచి తెలియడం లేదని ఎలా చెప్పను? బాగుందన్నాను. కాగితం మీద సంతకం పెట్టాను. 

ఐదున్నరకు రెండు వ్యాన్లు నిండాయి. ప్రేమ్ కుమార్ బండి స్టార్ట్ చేశాడు. 

ఇడ్లీ కుక్కర్ల దగ్గర్నుంచి లింగమ్మ వచ్చింది. చట్నీ క్యాను మూత బిగించబోయి ఆగింది. వాసన చూసింది. నాలుక మీద వేసుకుంది. ఉమ్మేసింది.

"నాగేశ్వరీ! ఆగు!"

షెడ్డంతా ఆగిపోయింది.

"బండ్లు ఆపు! నువ్వు చూడలే, సరిగ్గ చూడలే నువ్వు. చట్నీ ఖరాబైంది. కొబ్బరి సెడిపోయింది!"

దశరథ గారు కుర్చీలోంచి లేచారు. "ఏయ్ లింగమ్మా, మేడమ్‌ను పేరు వెట్టి పిలుస్తున్నవ్, ఏం మాట్లాడుతున్నవ్? మేడమ్ సంతకం వెట్టింది గద!"

"సంతకం తింటరా సార్ పిల్లలు?" అంది లింగమ్మ. ఆయన్ను చూడనైనా లేదు. నన్నే చూస్తోంది.

ఆ ఒక్క క్షణం నాకు బాగా గుర్తుంటుంది. నేను బాగుందంటే బాగున్నట్టే. నా సంతకం ఉంది. ఆమె మాట ఎవరూ నమ్మరు.

"ప్రేమ్, ఆపు!" అని అరిచాను. "లింగమ్మ చెప్పిందే నిజం సార్. నాకు జలుబు. రుచి తెలియలేదు. తెలియకుండానే సంతకం పెట్టాను. చట్నీ మొత్తం దించెయ్యండి."

సాధన ఎర్ర పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. శనివారం మధ్యాహ్నమే రాసిందట: "కొబ్బరికాయలల్ల రెండు మెత్తగున్నయి. పక్కకు వెట్టిన. మిగిలినయి గూడ చూసుకోవాలె." రోజూ పొద్దున్నే ఆ పుస్తకం చదివేది నేనే. ఇవాళ హడావిడిలో తెరవలేదు.

టైము ఐదూ ముప్పై ఐదు. మళ్లీ చట్నీ రుబ్బడానికి కొబ్బరి మీద నమ్మకం లేదు. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. తోచలేదనే పైకి అన్నాను.

"ఏం చేద్దాం? చెప్పండి ఎవరన్నా!"

నెల క్రితమైతే పదకొండు మందీ నేల చూసేవాళ్లు. ఇవాళ అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పుట్నాల పొడి కొడ్దాం" అంది లింగమ్మ. "పొడి ఖరాబు కాదు. ఇడ్లీ మీద నూనెతోని మస్తుగుంటది."

"పుట్నాలు పన్నెండు కిలోలున్నయి, ఎండుమిరపకాయలు గూడ సరిపోతయి" అంది సాధన, స్టోరులోకి వెళ్లకుండానే. 

సుందరయ్య అప్పటికే పుట్నాల బస్తాలో చెయ్యి పెట్టి నలుపుతున్నాడు. "కరకరలాడుతున్నయి. పురుగు లేదు. ఎయ్యుండ్రి!"

వెల్లుల్లి ఒలిచేవాళ్లు ఒలిచారు, మిరపకాయలు వేయించేవాళ్లు వేయించారు. ఘాటుకు దశరథ గారు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. నేను ప్యాకెట్లు కట్టడానికి కూర్చున్నాను. ప్రేమ్ కుమార్ చట్నీ క్యాన్లు దించి, ఖాళీ చేసిన చోట పొడి అట్టపెట్టెలు సర్దాడు. ఆ వేడిలో కూడా పాట ఆపలేదు. రుచి లింగమ్మ చూసింది, సాధన చూసింది. సంతకం వాళ్లిద్దరి చేత పెట్టించాను.

ఆరూ ఎనిమిదికి వ్యాన్లు గల్లీ దాటాయి. ఎనిమిది నిమిషాలు! ఆ ఆలస్యాన్ని ప్రేమ్ కుమార్ దారిలోనే పూడ్చేశాడు. ఏ మలుపులో ఎంత స్పీడో నేను అడగలేదు.

వ్యాన్లు కనుమరుగయ్యాక ఎవరో చప్పట్లు కొట్టారు. అందరం కొట్టాం. సుందరయ్య కళ్లొత్తుకుంటూ ఇదంతా మిరపకాయల ఘాటేనన్నాడు.

తొమ్మిదింటికి వెంకాయమ్మ గారి ఫోన్. 

"పొడి ఎవరు కొట్టారమ్మా? పిల్లలు ప్యాకెట్లు నాకి మరీ వెళ్లారు. ఆగస్టు ఒకటి నుంచి పంపించండి. వారానికి రెండుసార్లు ఆ పొడే కావాలి నాకు."

స్పీకర్‌లోనే ఉంది. షెడ్డు రేకులు లేచిపోయేలా అరిచారు.

లింగమ్మ అరవలేదు. తొమ్మిదిన్నరైందని చూసుకుని, మొహం కడుక్కుని, చర్చికి బయల్దేరింది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. మొహం చిన్నబోయింది.

"మేడమ్, పొద్దున తొందరల నోరు జారిన. మిమ్మల్ని పేరు వెట్టి…"

"మళ్లీ మీరు అన్నావంటే ఎర్ర పుస్తకంలో రాస్తాను" అన్నాను.

జులై 31, గురువారం

దశరథ గారు వచ్చారు. షెడ్డు మూయరు. పక్క షెడ్డు కూడా ఖాళీగా ఉందట, దసరాకు తీసుకుందామా అని అడిగారు. నన్ను ఒక్కదాన్ని పక్కకు పిలిచి, "గదంత ఎట్ల చేసిండ్రు మేడమ్? పాతాయన ఉన్నప్పుడు ఒక్కరు నోరిప్పకపోయెటోళ్లు" అన్నారు.

"నేనేమీ చెయ్యలేదు సార్. తిట్లు తినడం నేర్చుకున్నాను" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నవ్వారు మాత్రం.

ఇంకో మాట కూడా అడిగాను. తిరుపతమ్మను వెనక్కి పిలుద్దామన్నాను. పిలవమన్నారు. సాధన అప్పటికే ఫోన్ కలుపుతోంది, తలుపు అవతల నిలబడి అంతా వింటోందన్నమాట.

మధ్యాహ్నం వంట అయ్యాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. నేను ఈ డైరీ పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. సాధించాను అని జూన్ ఐదున రాసుకున్న పేజీ తీసి చూశాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఎంత గొప్పగా ఓడిపోయానో గుర్తుంటుంది.

లింగమ్మ వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నన్ను కిందికీ మీదికీ చూసింది. మొదటి రోజు చూసినట్టే.

"ఏం రాస్తవ్ ఎప్పుడు జూసినా? ఛాయ్ తాగుతవా?"

తాగుతానన్నాను. రెండు గ్లాసులు తెచ్చింది, సాసర్లు లేకుండా. నిలబడే ఉంది. మా తెనాలిలో అంత పెద్దావిడను నువ్వు అంటే అమ్మ చెంప పగలగొట్టేది. ఆదివారం నవ్వుతూ ఒకసారి జారింది గానీ, కావాలని అనడానికి నాలుక తిరగలేదు. గ్లాసు కింద పెట్టి, పక్కకు జరిగి, అన్నాను.

"నువ్వు కూడా కూర్చో అక్కా."

ఆమె కూర్చుంది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా, నా భుజం ఆసరా చేసుకుని కూర్చుంది.

"గిప్పుడొచ్చింది నీకు మాట" అంది.

టీ ఒక గుక్క తాగాను. పాకం. నోరంతా అతుక్కుపోయింది. 

చక్కెర ఎక్కువైందని చెప్పాను.